బూడిద ఊళ్లో బోణీ

మాధురికి ఆటలంటే పడదు. ఆమె ఆ కంప్యూటరు ముందు కూర్చున్నది ఆట మీద మోజుతో కాదు, ఒక చెడ్డ బేరాన్ని చూస్తూ ఊరుకోలేక.

చిలకలూరిపేటలో ఆమెది గోనెసంచుల కొట్టు. మిరపకాయలకీ పత్తికీ సంచులు, వాటిని కుట్టుకోవడానికి పురికొస, దబ్బనాలు. 2009 వేసవిలో ఒక ఆదివారం కలకత్తా మిల్లుకి మెయిలు పంపాలని రామాంజనేయులు నెట్ సెంటరుకి వెళ్లింది. పక్క సిస్టం మీద ఇంజినీరింగు చదివే చైతన్యకృష్ణ ఏదో ఆట ఆడుతున్నాడు. తెర మీద ఎటు చూసినా బూడిదే. కూలిన వంతెనలు, ఎండిన కాలవలు, మూతులకు గుడ్డలు కట్టుకున్న మనుషులు. యుద్ధంలో లోకమంతా కాలిపోయాక మిగిలినవాళ్లు ఎలా బతుకుతారన్నది ఆ ఆట. పేరు ‘యాష్ మైల్స్’. సెంటర్లో అందరూ బూడిద ఆట అనేవాళ్లు. చైతన్యకృష్ణ తన దగ్గరున్న నీళ్ల క్యాను ఎవడికో ఇచ్చేసి, తుప్పు పట్టిన పిస్తోలు ఒకటి పుచ్చుకున్నాడు.

"అదేం బేరం?" అంది మాధురి, మెయిలు సగంలో వదిలేసి.

"తుపాకీ కావాలిగా అక్కా."

"వాడి మొహం చూడు. పెదాలు పగిలిపోయి ఉన్నాయి. నీళ్లు వాడికి ప్రాణం. ప్రాణం అమ్మి తుప్పు కొంటావా? కాసేపు ఆగితే వాడి బండి కూడా ఇచ్చేవాడు."

"చెప్పడం తేలికే. ఆడి చూపించు మరి."

ఆడింది. బండి కూడా వచ్చింది.

అప్పట్నుంచి ఆదివారం మధ్యాహ్నం కొట్టు కట్టేయగానే ఆమె నెట్ సెంటరుకి వెళ్లడం మామూలైపోయింది. మూలనున్న సిస్టం ఒక్కటే ఆ ఆటని మోయగలిగేది. దాని చుట్టూ మూడు కుర్చీలు. ఒకటి మాధురిది. ఒకటి చైతన్యకృష్ణది. వాళ్లది దర్శి దగ్గర పత్తి పండించే ఇల్లు, చదువు కోసం పేటలో గది తీసుకున్నాడు. మూడోది రామకాంత్‌ది. పాలిటెక్నిక్‌లో కంప్యూటరు లెక్చరరు, పురోహితుల ఇంటి బిడ్డ. ఆ ఆట గురించి ఆటగాళ్ల నెట్ ఫోరంలో ఎవరేం రాసినా చదివేసి, ఆదివారానికి అప్పజెప్పేవాడు.

ఆటకి తర్వాత మూడు ప్యాకులొచ్చాయి. ప్యాకంటే అసలు ఆటకి అతికించే కొత్త కథ, కొత్త ప్రాంతం. ముగ్గురికీ మూడు నచ్చేవి. అందుకే వాళ్ల మధ్య మాట ఎప్పుడూ తెగేది కాదు.

"మొదటి ప్యాకే ప్యాకు. ఆ ఉప్పు గనిలోకి లిఫ్టు దిగుతుంటే కింద లైట్లు ఒక్కోటే ఆరిపోతాయి చూడండి, చెమటలు పట్టేస్తాయి సార్" అనేవాడు చైతన్యకృష్ణ.

"దిగాక ఏముంది రా? కొత్త తుపాకులు నాలుగు, పాత పురుగులకి కొత్త రంగు. మూడోది చూడు. నువ్వు చేసినదంతా మూడో ప్యాకు గుర్తుపెట్టుకుంటుంది. ఎవణ్ని కొట్టావో, ఎవరికి పెట్టావో. ఆ దోపిడీ ముఠాలు లోకంలోంచి ఏం సంపాదిస్తే దాన్ని బట్టి బలుస్తాయి. అది రాయడం మాటలా?" అనేవాడు రామకాంత్.

"రెండోది లేకపోతే మీ మొదటిదీ మూడోదీ ఎందుకు మాస్టారూ? రెండో ప్యాకులోనే కదా కొట్టు పెట్టుకోనిచ్చారు" అనేది మాధురి. "అంతవరకూ అందరూ దొరికింది దోచుకోవడమేగా. లోకం కాలిపోయాక మొదట లేవాల్సింది కొట్టు. కొట్టు లేస్తే నలుగురు చేరతారు, నలుగురు చేరితే ఊరు."

"అక్కకి ప్రళయం వచ్చినా షట్టరు ఎత్తడమే" అనేవాడు చైతన్యకృష్ణ.

"ఎత్తకపోతే తినేదేంటి, బూడిదా?"

ఎత్తింది కూడా. తెర మీద ఎడారి లాంటి చోట, ఒక చేతిపంపు పక్కన కొట్టు పెట్టింది. చేతిపంపుని మనవాళ్లు బోరింగంటారు కాబట్టి ఆ ఊరికి బోరింగు అనే పేరు స్థిరపడింది. కొట్టు పెట్టాక ఒక కుంటి కమ్మరి వచ్చి చేరాడు. పంపు కొట్టి నీళ్లు పోసే ముసలావిడ వచ్చింది. ఇద్దరు కవలలతో ఒక తల్లి వచ్చింది. మిరప కోతలు మొదలయ్యే నాటికి బోరింగులో వీధి అనదగ్గ వీధి ఏర్పడింది.

ఆమె ఆడేది ‘ఒక్క ప్రాణం’ పద్ధతిలో. అంటే ఆటలో మన మనిషి చచ్చిపోతే, అన్నాళ్ల ఆటా దానంతటదే చెరిగిపోతుంది. వెనక్కి వెళ్లి దిద్దుకోవడానికి లేదు. చైతన్యకృష్ణ ఆ పద్ధతి జోలికి పోడు. రామకాంత్ ఒకసారి మొదలుపెట్టి వారానికే పోయాడు. మాధురికి మాత్రం అది తప్ప ఇంకో పద్ధతి వ్యాపారంలా కనిపించలేదు. అమ్మిన సరుకు వెనక్కి రాదు, పోయిన మాట వెనక్కి రాదు. ఆటకి మాత్రం వేరే లెక్క ఎందుకు?

తన మనిషికి ఆమె పెట్టుకున్న పేరు సుబ్బరావమ్మ. వాళ్ల నాయనమ్మ పేరు. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెరకి సరిపోక చివర ఒక అక్షరం బయటికి పోయేది. ఒళ్లంతా తోలు కవచం తొడుక్కుని, వీపున మూట వేసుకుని సుబ్బరావమ్మ బూడిదలో నడిచి వెళుతుంటే రామాంజనేయులు కూడా గల్లా వదిలి వచ్చి చూసేవాడు.

ఫిబ్రవరిలో, మార్కెట్ యార్డుకి మిరపకాయ వరదలా వస్తున్న రోజుల్లో, ఒక ఆదివారం గొడవ మొదలైంది.

ఆటలో తెల్లారింది. సుబ్బరావమ్మ కొట్టు తలుపు తీసింది. ఆ పొద్దు మొదట వచ్చి నిలబడ్డవాడు ముఖానికి రేకుడబ్బా తొడుక్కుని, దానికి కళ్ల దగ్గర రెండు చిల్లులు పెట్టుకుని ఉన్నాడు. దోపిడీ ముఠాకి వేగులవాడు. వాడికి కావలసింది తూటాలు.

"తలుపు వెయ్యి. వెయ్యక్కా, వాడు డబ్బాగాళ్ల మనిషి" అన్నాడు చైతన్యకృష్ణ.

"బోణీ వాడిదేరా."

"ఆటలో బోణీ ఏంటక్కా!"

"కొట్టుందా లేదా? తెల్లారిందా లేదా? మొదట వచ్చింది వాడా కాదా?"

రామకాంత్ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మాధురి గారూ, ఇది సరదా కాదు. వీళ్ల దగ్గర ఇప్పుడు కత్తులే ఉన్నాయి. తూటాలు దొరికిన ముఠా ఊరి మీదికి వస్తుంది. అలా వచ్చాక ఒక్క ప్రాణంలో బతికి బయటపడ్డవాడు ఫోరంలో ఒక్కడు కూడా లేడు. కాస్త ఆగండి. ఇంకో మనిషికి ఏదైనా అమ్మేసి, తర్వాత వీడి సంగతి చూద్దురు గాని."

ఆ మాటకి మాధురి మౌస్ మీంచి చెయ్యి తీసేసింది.

"సరిగ్గా అదే మాట మా నాయనమ్మతో అన్నారు మాస్టారూ. ‘ఆగు, ఇంకెవరైనా రానీ.’ మా తాతయ్య పోయిన ఏడాది ఆవిడ కాయలు కోయించి, సంచుల కోసం పొద్దున్నే బజారుకొచ్చింది. ముండమోసిన మనిషి చేతి బోణీ ఎవడికి కావాలి? ఒక్క కొట్టువాడూ సంచి ముట్టుకోనివ్వలేదు. పక్కకి నిలబెట్టారు. ఇంకెవడో వచ్చి పురికొస ఉండ కొనేదాకా నిలబెట్టారు. ఏటా అంతే. మూడో ఏడు ఆవిడ రెండెకరాలు కౌలుకిచ్చేసి, వాళ్ల కొట్లకి ఎదురుగానే సంచుల కొట్టు పెట్టింది. పొద్దున్నే గుమ్మంలోకి ఎవరొస్తే వాళ్లదే బోణీ. మొహం చూడకూడదు, ఎవరని అడగకూడదు, ఆగమనకూడదు. మా కొట్లో ఉన్న రూలు అదొక్కటే. మీరంతా దాన్ని మూఢనమ్మకమనుకుంటున్నారు. కాదు. పౌరుషం."

రామాంజనేయులు గల్లా దగ్గర్నుంచి అన్నాడు: "సుబ్బరావమ్మ గారు బతికుంటే మాత్రం, దొంగకి కత్తి అమ్మమంటుందా అమ్మాయ్?"

"ఆవిడ కత్తులు అమ్మలేదు బాబాయ్, సంచులమ్మింది. తూటాలు సరుకులో పెట్టింది నేను. పెట్టాక వచ్చినవాడికి లేవంటే అబద్ధం."

అమ్మింది. రెండు పెట్టెలు. రేకుడబ్బా మనిషి తల ఊపి, బూడిదలోకి నడిచి వెళ్లిపోయాడు. చైతన్యకృష్ణ తల పట్టుకున్నాడు. మాధురికి కూడా ఆ అమ్మకం మింగుడు పడలేదు. లాభం రాని బేరాలు ఆమె చాలా చేసింది. వాటితో నిద్ర చెడలేదు. ఇది అలాంటిది కాదని ఆమెకి తెలుసు. వారమంతా కొట్లో సంచులు లెక్కపెడుతూ మధ్యలో అంకె మరిచిపోయింది.

తర్వాతి ఆదివారం డబ్బాగాళ్లు వచ్చారు.

ఆట తెరిచిన పావుగంటకే బోరింగు ఉత్తరపు గేటు పడిపోయింది. అది పాత కారు తలుపులతో కట్టిన గేటు. కుంటి కమ్మరి సమ్మెట పట్టుకుని అడ్డం వెళ్లి, మొదటి తూటాకే పడ్డాడు. నీళ్లు పోసే ముసలావిడ పంపు వదలకుండా అక్కడే ఒరిగిపోయింది. సుబ్బరావమ్మకి భుజంలో ఒకటి, తొడలో ఒకటి తగిలాయి. ఎర్రగా నిండుగా ఉండాల్సిన ప్రాణం గీత చిన్న ముక్కయింది. మాధురి ఆమెని నీళ్ల తొట్టి వెనక్కి దొర్లించి, ఆట ఆపింది. తెర నిలిచిపోయింది. గాలిలో తూటాలు కూడా నిలిచిపోయి కనిపిస్తున్నాయి.

"నేను చెప్పానా?" అన్నాడు చైతన్యకృష్ణ. గొంతులో ఎగతాళి లేదు, ఏడుపుంది. "చెప్పానా లేదా?"

"చెప్పావు."

"ఆ తూటాలు ఎవరివక్కా?"

"నావే."

రామకాంత్ జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి బల్ల మీద పెట్టాడు. "కంగారు పడకండి. ప్రతి ఆదివారం మీరు వెళ్లాక మీ ఆటకి కాపీ తీసి పెడుతున్నాను. మీకు చెబితే ఒప్పుకోరని చెప్పలేదు. పోయిన వారానికి ముందు వారంది కూడా ఉంది. అప్పటికి డబ్బావాడు ఇంకా రాలేదు. అది ఎక్కించేస్తే కమ్మరి, అవ్వ, అందరూ ఉంటారు. మీరు తలుపు వేసుకుంటే చాలు."

చైతన్యకృష్ణ గట్టిగా ఊపిరి వదిలాడు. "సార్, మీరు దేవుడు సార్!"

మాధురి ఆ పెన్‌డ్రైవ్ వంక చూసింది. చిటికెనవేలంత లేదు. అందులో ఊరుంది. కమ్మరి కుంటుకుంటూ నడుస్తున్నాడు. కవలలు పంపు దగ్గర నీళ్లు చల్లుకుంటున్నారు. చెయ్యి చాపితే చాలు. ఇంతవరకూ జీవితంలో ఎవరూ ఆమెకి ఇంత చవకగా ఏదీ ఇవ్వజూపలేదు. అదే ఆమెకి నచ్చలేదు. మరీ చవకగా వచ్చే సరుకులో ఎక్కడో తడి ఉంటుంది.

"చెరిపెయ్యండి మాస్టారూ."

"ఏంటీ?"

"ఆ కాపీ. మొత్తం."

"పిచ్చా మీకు? ఈ తొట్టి వెనక నుంచి బయటపడే దారే లేదు! చచ్చిపోతే అన్ని నెలలదీ గాలికి పోతుంది. అయినా ఇది నా పెన్‌డ్రైవ్, మాధురి గారూ."

"పెన్‌డ్రైవ్ మీదే. సుబ్బరావమ్మ నాది."

"ఆటండీ ఇది! దిద్దుకునే వీలుంటే దిద్దుకోవడం తప్పా?"

"మీ నాన్నగారు పెళ్లిళ్లు చేయిస్తారు కదా. మూడు ముళ్లూ పడ్డాక పిల్లాడు నచ్చలేదంటే, పర్లేదమ్మా, నిన్నటి నుంచి మళ్లీ మొదలెడదాం అంటారా?"

రామాంజనేయులు గల్లా దగ్గర పకపకా నవ్వాడు. రామకాంత్‌కి నవ్వు రాలేదు. "మాటలకేం, బాగానే చెబుతారు. తప్పు చేశారు. దాన్ని ఒప్పుకోవడానికి మనసు రావడం లేదు."

"ఒప్పుకున్నాగా, తూటాలు నావేనని" అంది మాధురి. ఈసారి గొంతు పెరిగింది. "మీరిస్తున్నది ఒప్పుకోవడం కాదు, జరగలేదనడం. తలుపేసుకోబోయే సుబ్బరావమ్మ ఒకతి మీ జేబులో ఉంటే, ఈ తొట్టి వెనక నెత్తురు కారుతున్నది ఎవరు? దొంగ సుబ్బరావమ్మా? నాకు ఇద్దరొద్దు. ఉంటే ఈవిడ ఉంటుంది, పోతే ఈవిడే పోతుంది. చెరిపెయ్యండి. నాకు కనపడేటట్టు చెరపండి."

రామకాంత్ పక్క సిస్టంలో పెన్‌డ్రైవ్ గుచ్చాడు. చెరిపేయమంటారా అని కంప్యూటరు అడిగింది. అతను ఆమె వైపు తిరిగాడు. ఆమె తల ఊపింది. నొక్కాడు.

"మీ ఇష్టం. ఇక నేను మాట్లాడను" అని చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

మాధురి లేచి వెళ్లి కూజాలో నీళ్లు తాగి వచ్చింది. కుర్చీ ముందుకి లాక్కుంది.

"చైతూ, ఇటు రా. ఈ చుట్టుపక్కల తూటాలమ్మే కొట్టు ఇంకోటుందా?"

"లేదు. ఉప్పు గని దాకా లేదు."

"అంటే నేనమ్మిన రెండు పెట్టెలే వీళ్ల దగ్గరున్నవి. గేటు దగ్గర కొన్ని కాల్చారు, వీధిలో కొన్ని. ఫోరంలో వాళ్లంతా ఎట్లా పోయారు?"

మాట్లాడనన్న రామకాంత్ ఆగలేకపోయాడు. "ఎదురు కాల్చి. తొట్టి వెనకో గోడ వెనకో దాక్కుని కాల్పులు."

"కాల్చినవాళ్లు కదలరు. కదలనివాళ్ల మీద తూటా వృథా పోదు. కొనుక్కున్నవాడి సరుకు అయిపోవాలంటే మనం ఖర్చు పెట్టించాలి."

ఆమె సుబ్బరావమ్మ ఒంటి మీదివన్నీ ఒక్కొక్కటే కింద పడేయడం మొదలుపెట్టింది. ముందు తుపాకీ. తర్వాత కవచం. తర్వాత మూట. అందులో ఉప్పు, మందులు, రాగి తీగలు, రెండో ప్యాకు నుంచీ కూడబెట్టిన సరుకంతా. ఆ ఆటలో బరువు తగ్గినకొద్దీ మనిషి వేగం పెరుగుతుంది. చైతన్యకృష్ణ కుర్చీలోంచి లేచిపోయాడు.

"కవచం కూడానా! ఒక్కటి తగిలితే అయిపోతుందక్కా!"

"కవచం ఉంటే రెండు తగిలితే అయిపోతుంది. వేగంగా పరిగెత్తితే అసలు తగలవు. నువ్వు నా కళ్లుగా ఉండు. ఎటు నుంచి కాలుస్తున్నారో అరిచి చెప్పు."

ఆట కదిలింది. సుబ్బరావమ్మ ఉత్త చీరలాంటి ఒక గుడ్డ చుట్టుకుని, కుంటుతూ, నీళ్ల తొట్టి వెనక నుంచి వీధిలోకి దూకింది. డబ్బాగాళ్లందరూ ఒక్కసారి తిరిగారు.

"ఎడమ! ఎడమక్కా! కమ్మరి కొట్టు మీద ఒకడు!"

ఆమె కొలిమి చుట్టూ తిరిగింది. ఇనుము మీద తూటాలు టంగుటంగుమని మోగాయి.

"వెనక! వెనకొకడు, వంగు!"

కవలల ఇంటి గోడ వారగా పరిగెత్తి, మలుపు దగ్గర ఒక్క అడుగు బయట పెట్టి మళ్లీ లోపలికి లాక్కుంది. బయట పెట్టిన అడుగు మీదికి పది తూటాలొచ్చాయి. మళ్లీ పెట్టింది. మళ్లీ వచ్చాయి. యార్డులో బేరగాణ్ని ఊరించినట్టు ఊరించింది. ఇదిగో ఇస్తున్నా అన్నట్టు ముందుకి రావడం, లేదన్నట్టు వెనక్కి పోవడం. ఒకటి పక్కటెముకల్లో రాసుకుపోయింది. ప్రాణం గీత వెంట్రుకంత మిగిలింది. మిగతా సిస్టములవాళ్లు కూడా లేచి వచ్చి కుర్చీల వెనక నిలబడ్డారు. రామకాంత్ చేతులు ఎప్పుడు విప్పాడో, బల్ల అంచు పట్టుకుని ఉన్నాడు.

"వస్తున్నాడు, వస్తున్నాడు, డబ్బావాడే!"

రేకుడబ్బా మనిషి నేరుగా మలుపు తిరిగి ఎదురుగా వచ్చాడు. సుబ్బరావమ్మకి వెనక గోడ. తుపాకీ ఎత్తాడు. నొక్కాడు.

టిక్.

మళ్లీ నొక్కాడు. టిక్. వీధి అవతల ఇంకొకడి తుపాకీ కూడా టిక్కుమంది.

"అయిపోయాయి!" అని రామకాంత్ అరిచిన అరుపుకి బయట రోడ్డు మీద పోతున్నవాళ్లు లోపలికి తొంగిచూశారు. "అయిపోయాయిరా చైతన్యా! తూటాలు అయిపోయాయి!"

ఇళ్లలో దాక్కున్న బోరింగు జనం పారలూ గడ్డపారలూ పట్టుకుని బయటికొచ్చారు. డబ్బాగాళ్లు ఉత్తరపు గేటు వైపు పరుగు తీశారు. రేకుడబ్బా మనిషి అందరికంటే ముందు.

"వెంటపడక్కా! తుపాకీ తీసుకో, వీపు మీద కొట్టు!"

"వాడితో నాకు పనేంటి? ఇక్కడి సంగతి చూడు ముందు."

వీధి నిశ్శబ్దంగా ఉంది. గేటు దగ్గర కమ్మరి. పంపు దగ్గర ముసలావిడ. గోడ పక్కన కవలల తల్లి. పిల్లలు మాత్రం ఇద్దరూ గడపలో నిలబడి ఉన్నారు. అటూ ఇటూ ఇంకా కొందరు. వీధిలో సగం మంది లేరు.

రామకాంత్ మాత్రం ఒళ్లు తెలియని ఉత్సాహంలో ఉన్నాడు. "ఇది ఇప్పుడే ఫోరంలో పెట్టాలి. ఎవరూ చెయ్యలేదండీ ఇది! ‘శత్రువుకి కొలిచి తూటాలమ్మి, అవి అయిపోయేలా చేసి గెలిచిన ఎత్తుగడ’ అని..."

"ఎత్తుగడ లేదు, ఏమీ లేదు" అంది మాధురి. "అమ్మేటప్పుడు నాకీ ఆలోచనే లేదు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులివి. ఉన్నది ఉన్నట్టు రాయండి. అమ్మింది, దానివల్ల ఊళ్లో సగం మంది పోయారు, అమ్మినావిడ మిగిలింది అని."

"సరే. ఇంకెప్పుడూ అమ్మదని కూడా రాయనా?"

"అమ్ముతుందని రాయండి."

"మాధురి గారూ!"

"మొహం చూసి తలుపేసే మనిషికి మా నాయనమ్మ పేరు పెట్టను మాస్టారూ. ఈసారి ముందు ఇనప గేటు కట్టించుకుని, ఆ తర్వాత పెడతాను సరుకులో తూటాలు. ఆ గేటు ముందే కట్టించకపోవడం నా తప్పు. అది రాయండి కావాలంటే."

ఆమె తెర వైపు తిరిగింది. సుబ్బరావమ్మ నడుచుకుంటూ వెళ్లి కమ్మరి కొలిమి పక్కన పడి ఉన్న పార తీసుకుంది. ఆ ఆటలో గుంట తవ్వాలంటే మీట నొక్కిపట్టుకుని కూర్చోవాలి. ఒక్కో గుంటకీ చాలాసేపు పడుతుంది. అందుకని ఎవరూ తవ్వరు.

"వదిలెయ్ అక్కా. ఆటలో తెల్లారితే వాటంతటవే మాయమైపోతాయి" అన్నాడు చైతన్యకృష్ణ.

ఆమె మీట వదల్లేదు. కమ్మరికి తవ్వింది. తర్వాత ముసలావిడకి, పంపుకి దగ్గర్లోనే, నేల మెత్తగా ఉన్న చోట తవ్వింది. కుర్చీల వెనక నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే వాళ్ల సిస్టముల దగ్గరికి వెళ్లిపోయారు. రామకాంత్ వెళ్లలేదు. మూడో గుంట మొదలుపెట్టేసరికి ఆమె వేలు నొప్పెట్టి, చెయ్యి మార్చుకుంది.

చైతన్యకృష్ణ పక్కకొచ్చి కీబోర్డు మీద చెయ్యి పెట్టాడు. "ఇటివ్వు, ఇదొక్కటి నేను తవ్వుతా."

"తూటాలు నువ్వు అమ్మలేదుగా" అంది మాధురి, అతని చెయ్యి పక్కకి నెట్టి. "కూర్చో."